ఫోన్లో తీసుకున్న బోర్డు నిర్ణయం చెల్లుతుందా?

కంపెనీ చట్టం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డైరెక్టర్లు ఒకచోట కూర్చోకుండా ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయాలకు చట్టం ముందు విలువ ఎంత అని అడుగుతూ ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటిని ఎంచుకుని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. రాసినవారి పేర్లను, వారి కంపెనీల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా స్థాపించారు. ఆయన పోయాక పెద్దన్నయ్య, వదిన, చిన్నన్నయ్య, నేను డైరెక్టర్లమయ్యాము. నలుగురికీ సమానంగా 25 శాతం షేర్లు ఉన్నాయి. నేను డాలస్‌లో ఉంటాను. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో జరిగినది రాసి ఉంచే పుస్తకం) చూస్తే, ఒక రాత్రి వాళ్లు ముగ్గురూ వాట్సాప్ కాల్‌లో మాట్లాడుకున్న మాటలను బోర్డు సమావేశంగా రాసి, బ్యాంకు నుంచి 3 కోట్ల అప్పు తీసుకోవడానికీ, పెద్దన్నయ్య పేరిట కొత్త షేర్లు జారీ చేయడానికీ తీర్మానించినట్టు ఉంది. నేను ‘వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరయ్యాను’ అని కూడా రాశారు. నాకు నోటీసు రాలేదు, కాల్ కూడా రాలేదు. అడిగితే ‘ఇంటి కంపెనీకి నోటీసులేమిటమ్మా’ అంటున్నారు. నా వాటా దాదాపు 17 శాతానికి పడిపోయింది. ఈ తీర్మానాలు చెల్లుతాయా?
ఒక సోదరి, డాలస్

జవాబు: అమ్మా, ముందు ఆ కాల్ సంగతి చూద్దాం. 2013 నాటి కంపెనీల చట్టం సెక్షన్ 173(2) ప్రకారం డైరెక్టరు బోర్డు సమావేశంలో స్వయంగా పాల్గొనవచ్చు, లేదా వీడియో కాన్ఫరెన్స్ ద్వారా గాని, దృశ్యాన్నీ శబ్దాన్నీ కలిపి అందించే మరో సాధనం ద్వారా గాని పాల్గొనవచ్చు. ఆ సాధనం ఎవరెవరు పాల్గొన్నారో గుర్తించి నమోదు చేయగలగాలి, జరిగినదంతా తేదీతో, సమయంతో సహా రికార్డు చేసి దాచగలగాలి. 2014లో వచ్చిన బోర్డు సమావేశాల నిబంధనల్లో మూడవది మరో అడుగు ముందుకు వేసి, పాల్గొనేవారందరూ మధ్యలో మరొకరి సాయం లేకుండా ఒకే సమయంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోగలగాలనీ, ఒకరినొకరు స్పష్టంగా చూడగలగాలనీ, వినగలగాలనీ చెబుతుంది. కాబట్టి గొంతు మాత్రమే వినిపించే కాల్ ద్వారా పాల్గొన్నవారు మన దేశంలో బోర్డు సమావేశానికి హాజరైనట్టు లెక్కకు రారు. అది వాట్సాప్‌లో చేసిన కాల్ అయినా, మామూలు ఫోన్ కాల్ అయినా తేడా లేదు.

అయితే మీ అన్నయ్యగారి తరఫు వకీలు ఇక్కడ ఒక వాదన తెచ్చే అవకాశం ఉంది. సెక్షన్ 174 ప్రకారం కోరం, అంటే సమావేశం జరగడానికి ఉండవలసిన కనీస సంఖ్య, మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, వీటిలో ఏది ఎక్కువైతే అది. నలుగురున్న మీ బోర్డుకు ఇద్దరు చాలు. మీ అన్నావదినలు ఒకే గదిలో కూర్చుని మాట్లాడి ఉంటే, వారిద్దరితోనే కోరం ఏర్పడింది గనుక చిన్నన్నయ్య ఫోన్లో ఉన్నా లేకున్నా సమావేశం జరిగినట్టేనని అనవచ్చు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోకండి. అది నిలబడనిది కోరం దగ్గర కాదు, నోటీసు దగ్గర.

సెక్షన్ 173(3) ప్రకారం ప్రతి డైరెక్టరుకూ, కంపెనీ దగ్గర నమోదైన చిరునామాకు, కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. చేతికి ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఈమెయిల్ చేయవచ్చు. విదేశంలో ఉన్నంత మాత్రాన నోటీసు అందుకునే హక్కు పోదు. పరమేశ్వరీ ప్రసాద్ గుప్తా కేసులో 1973లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని నిర్ద్వంద్వంగా తేల్చింది: బోర్డు సమావేశానికి డైరెక్టర్లందరికీ నోటీసు తప్పనిసరి, ఒక్కరికి ఇవ్వకపోయినా ఆ సమావేశంలో చేసిన తీర్మానం చెల్లదు. మిగిలిన ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు గనుక మీరు వచ్చినా ఫలితం మారేది కాదన్న సమాధానం ఈ లోపాన్ని పూడ్చదు. మీరు చెప్పే ఒక్క మాట మిగిలినవారి ఆలోచనను మార్చి ఉండేదేమో ఎవరికి తెలుసు? ఆ అవకాశాన్ని కాపాడటానికే నోటీసు ఉంది.

అదే తీర్పులో మీకు అంతగా నచ్చని భాగం కూడా ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లోపంతో జరిగిన తీర్మానాన్ని తర్వాత సక్రమంగా పిలిచిన సమావేశంలో బోర్డు ఆమోదించవచ్చనీ, ఆ ఆమోదం మొదటి నిర్ణయం నాటికే వర్తిస్తుందనీ కోర్టు ఒప్పుకుంది. అంటే మీ అన్నయ్యగారు రేపు మీకు ఏడు రోజుల నోటీసు ఇచ్చి, ముగ్గురి మెజారిటీతో అప్పును ధ్రువీకరిస్తే, నోటీసు లోపం ఒక్కటే చూపి ఆ అప్పును కొట్టివేయించడం కష్టం. పైగా బ్యాంకు బయటి వ్యక్తి. కంపెనీ లోపల సమావేశం సరిగ్గా జరిగిందో లేదో బ్యాంకు తవ్వి చూడనక్కరలేదనీ, తీర్మానం ప్రతిని నమ్మి మంచి మనసుతో అప్పు ఇస్తే దానికి రక్షణ ఉంటుందనీ 1856లో ఇంగ్లండులో టర్క్వాండ్ కేసు నుంచి వస్తున్న సూత్రాన్ని మన కోర్టులు కూడా పాటిస్తున్నాయి. లోపం గురించి బ్యాంకుకు ముందే తెలిసి ఉంటే మాత్రం ఈ రక్షణ ఉండదు. అందుకే ఇకపై ఇచ్చే సొమ్ము విషయంలోనైనా ఉపయోగపడేలా, మీ అభ్యంతరాన్ని బ్యాంకు శాఖకు ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.

షేర్ల సంగతి వేరు, మీ బలం అక్కడే ఉంది. కొత్త షేర్లను ముందుగా ఉన్న వాటాదారులందరికీ వారి వారి వాటా ప్రకారం ఇవ్వజూపాలని సెక్షన్ 62 చెబుతుంది. ఒక్కరికే ఇవ్వాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం వంటి దారులున్నాయి గాని, బోర్డు తనంతట తాను అలా చేయలేదు. నియంత్రణను తమ చేతిలోకి తెచ్చుకోవడానికి డైరెక్టర్లు తమకు తామే షేర్లు కేటాయించుకుంటే ఏమవుతుందో 2004లో డేల్ అండ్ కారింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. కేరళకు చెందిన ఆ ప్రైవేటు కంపెనీలో ప్రధాన పెట్టుబడిదారు మీలాగే విదేశంలో ఉండేవారు. ఇక్కడ వ్యవహారాలు చూసే మేనేజింగ్ డైరెక్టరు తన పేరిట షేర్లు కేటాయించుకుని ఆయనను మైనారిటీలోకి నెట్టారు. డైరెక్టర్లు షేర్లు జారీ చేసే అధికారాన్ని కంపెనీ మేలు కోసం, నమ్మకానికి కట్టుబడి వాడాలే గాని సొంత లాభానికి కాదని చెప్పి కోర్టు ఆ కేటాయింపును రద్దు చేసింది. నోటీసు లోపాన్ని తర్వాత సరిదిద్దుకోవచ్చు. దురుద్దేశాన్ని ఏ ధ్రువీకరణా సరిదిద్దలేదు.

ఇక మీరు హాజరైనట్టు రాసిన మాట గురించి. మినిట్స్‌ను తారుమారు చేసినట్టు రుజువైతే సెక్షన్ 118 కింద రెండేళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తోడబుట్టినవారి మీద ఈ సెక్షన్‌ను ప్రయోగించమని నేను సలహా ఇవ్వను. అయితే ‘ఇంటి కంపెనీ’ అన్నవారికి తాము రాసిన ఒక్క వాక్యం బరువు ఎంతో తెలియడం అవసరం. మినిట్స్ ప్రతిని అడిగి తీసుకోండి. డైరెక్టరుగా అది మీ హక్కు. మీ పాస్‌పోర్టు ముద్రలు, ఫోన్ కాల్ వివరాలు, ఆ తేదీకి అటూ ఇటూ వచ్చిన ఈమెయిళ్లు భద్రపరచండి. షేర్ల కేటాయింపు గురించి కంపెనీ దాఖలు చేసిన పాస్-3 ఫారాన్ని కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి చూడవచ్చు. అందులో ఏ తేదీ తీర్మానం చూపించారో పోల్చండి. ముందు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. దిగిరాకపోతే, పది శాతానికి పైగా వాటా ఇంకా మీ చేతిలో ఉంది గనుక సెక్షన్ 241 కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే అర్హత మీకు ఉంది. ఆలస్యం చేయకండి. తెలిసి కూడా ఏళ్ల తరబడి ఊరుకున్నవారి వైపు ట్రిబ్యునల్ అంత సానుభూతితో చూడదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో డైరెక్టరును. మోకాలి శస్త్రచికిత్స వల్ల ప్రయాణం చేయలేక, రాబోయే సమావేశానికి వీడియోలో హాజరవుతానని రాస్తే, ‘మా కంపెనీలో ఆ సౌకర్యం లేదు, వస్తే రండి, లేకపోతే గైర్హాజరు వేస్తాము’ అని ఛైర్మన్ జవాబిచ్చారు. చట్టంలో ‘పాల్గొనవచ్చు’ అని ఉంది గాని ‘పాల్గొననివ్వాలి’ అని లేదని ఆయన వాదన.
ఒక డైరెక్టరు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ‘వచ్చు’ ఎవరికోసం అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు ఇప్పటికే వచ్చింది. గువాహటి ట్రిబ్యునల్ నుంచి వెళ్లిన అచింత్య కుమార్ బరువా కేసులో 2018 ఫిబ్రవరిలో జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ సరిగ్గా ఈ వాదననే తిరస్కరించింది. స్వయంగా రావాలా, వీడియోలో పాల్గొనాలా అని ఎంచుకునే స్వేచ్ఛ ఆ పదం వల్ల డైరెక్టరుకు దక్కిందనీ, ఆ హక్కును కాదనే అధికారం కంపెనీకి లేదనీ చెప్పింది. ఏర్పాట్లు చేయడం, అవి భద్రంగా ఉండేలా చూడడం ఛైర్మన్, కంపెనీ సెక్రటరీల బాధ్యత.

మీ వైపు నుంచి ఒక పని తప్పనిసరి. వీడియోలో పాల్గొనాలనుకునే డైరెక్టరు ఏర్పాట్లకు వ్యవధి ఉండేలా ముందే తెలియజేయాలి, లేకపోతే స్వయంగా వస్తారనే కంపెనీ భావిస్తుంది. ప్రతిసారీ రాసే శ్రమ లేకుండా క్యాలెండర్ సంవత్సరం మొదట్లోనే ఒక ఉత్తరం ఇచ్చినా ఆ ఏడాదంతా సరిపోతుంది. ఆ ఉత్తరం ఇచ్చినా, మధ్యలో ఏదైనా సమావేశానికి స్వయంగా వెళ్లాలనుకుంటే ముందుగా చెప్పి వెళ్లవచ్చు.

ఛైర్మన్ జవాబులోని గైర్హాజరు మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పన్నెండు నెలల పాటు జరిగిన సమావేశాలన్నిటికీ రాని డైరెక్టరు, సెలవు కోరినా కోరకపోయినా, సెక్షన్ 167 ప్రకారం పదవి కోల్పోతారు. వీడియోలో హాజరు కావడం హాజరే. అందుచేత మీ అభ్యర్థననూ, వారి తిరస్కరణనూ కాగితం మీద ఉంచండి. ఒక డైరెక్టరును బయట పెట్టాలనుకున్నవారు ముందు తలుపు మూసి, తర్వాత రాలేదని రాయడం నేను చూశాను. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ ఉత్తరమే.

ప్రశ్న: వార్షిక లెక్కలను వీడియో సమావేశంలో ఆమోదించకూడదని మా పాత ఆడిటరుగారు అంటారు. ఇప్పటి ఆడిటరు ఫరవాలేదంటున్నారు. ఎవరి మాట నిజం?
విజయవాడ

జవాబు: ఇద్దరూ తమ తమ కాలానికి నిజమే చెప్పారు. 2014 నిబంధనల్లో నాలుగవది వార్షిక లెక్కలు, బోర్డు నివేదిక, ప్రాస్పెక్టస్, కంపెనీల విలీనం, స్వాధీనం వంటి విషయాలను వీడియో సమావేశంలో తేల్చకూడదని నిషేధించింది. 2018లో వచ్చిన సవరణతో, కోరానికి సరిపడా డైరెక్టర్లు స్వయంగా ఉంటే మిగిలినవారు ఆ విషయాల మీద కూడా వీడియోలో పాల్గొనే వీలు కలిగింది. కోవిడ్ వచ్చాక 2020 మార్చి 19న ప్రభుత్వం నిషేధాన్ని తాత్కాలికంగా సడలించి, ఆ గడువును విడతలుగా పొడిగిస్తూ వచ్చి, చివరికి 2021 జూన్ 15న నాలుగవ నిబంధననే తొలగించింది. కాబట్టి ఇప్పుడు వార్షిక లెక్కలను పూర్తిగా వీడియో సమావేశంలోనే ఆమోదించవచ్చు. అయితే 2019లో అలా ఆమోదించిన లెక్కల మీద ఎవరైనా అభ్యంతరం లేవదీస్తే, నాటి నిబంధనతోనే దాన్ని కొలుస్తారని మరచిపోకండి.

ప్రశ్న: మా బోర్డులో ఏడుగురం. వీడియో సమావేశంలో భూమి కొనుగోలు మీద చర్చ సాగుతుండగా ఇద్దరికి నెట్ పోయింది, మరొకరు ముందే లేచి వెళ్లారు. మిగిలిన నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు, నేను వద్దన్నాను. మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అని వచ్చింది. రికార్డింగ్ అడిగితే చెరిపేశామన్నారు.
కరీంనగర్

జవాబు: ఏడుగురిలో మూడో వంతు అంటే లెక్కకు ముగ్గురు, ఎందుకంటే భిన్నం వస్తే దాన్ని ఒకటిగా తీసుకోవాలి. నలుగురు మిగిలారు గనుక కోరం తెగలేదు. కంపెనీ సెక్రటరీల సంస్థ జారీ చేసిన బోర్డు సమావేశాల ప్రమాణం ప్రకారం కోరం మొదట్లో ఉంటే చాలదు, సమావేశం పొడవునా ఉండాలి. ఈ ప్రమాణాన్ని పాటించడం సెక్షన్ 118(10) వల్ల తప్పనిసరి. నెట్ తెగిపోయిన క్షణం నుంచి ఆ డైరెక్టరు లేనట్టే లెక్క. మీ సమావేశంలో మరో ఇద్దరికి కూడా తెగిపోయి ఉంటే, అక్కడితో ఆపవలసి వచ్చేది.

మీ అసలు ఫిర్యాదు ‘ఏకగ్రీవం’ అన్న మాట మీద. వీడియో సమావేశానికి చట్టం ప్రత్యేకమైన క్రమాన్ని పెట్టింది, దాన్ని చాలా కంపెనీలు లాంఛనంగా భావించడం నాకు బాధ కలిగిస్తుంది. మొదట్లో ఛైర్మన్ హాజరు పిలవాలి. ప్రతి డైరెక్టరూ తన పేరు, తానున్న చోటు చెప్పి, ఎజెండా కాగితాలు అందాయనీ, తన గదిలో మరెవరూ వినడం లేదనీ చెప్పాలి. మాట్లాడే ముందు ప్రతివారూ తానెవరో చెప్పాలి. ఒక ప్రతిపాదనకు అభ్యంతరం వచ్చి ఓటు అవసరమైతే, ఛైర్మన్ పేరుపేరునా పిలిచి ఓటు నమోదు చేసుకోవాలి. ఒక్కో అంశం మీద చర్చ ముగియగానే నిర్ణయం సారాంశాన్నీ, దాన్ని కాదన్నవారుంటే వారి పేర్లనూ ప్రకటించాలి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు తల ఊపడం కనిపిస్తుంది, పెదవి విరుపు కూడా కనిపిస్తుంది. తెర మీద అవి జారిపోతాయి గనుకనే ఇంత జాగ్రత్త.

సమావేశం ముగిసిన 15 రోజుల్లో మినిట్స్ ముసాయిదా డైరెక్టర్లందరికీ పంపాలి. దాని మీద అభిప్రాయం చెప్పడానికి ఏడు రోజులు ఉంటాయి. ఆ ఏడు రోజులను మీరు వదులుకోలేదనుకుంటాను. వదులుకున్నా, ఇప్పుడు అసమ్మతి ఉత్తరం పంపి, తదుపరి సమావేశంలో దాన్ని నమోదు చేయమని పట్టుబట్టండి. సక్రమంగా రాసిన మినిట్స్‌లో ఉన్నది జరిగినట్టే చట్టం ఊహిస్తుంది గనుక మౌనంగా ఉంటే రేపు ఆ భూమి వ్యవహారంలో చిక్కులు వచ్చినప్పుడు మీరూ బాధ్యులవుతారు.

రికార్డింగును ఆ ఏడాది ఆడిట్ పూర్తయ్యే వరకైనా ఉంచాలన్నది నిబంధన. అంతకుముందే చెరిపేస్తే అది ఉల్లంఘన, పైగా మీ మాటకు బలం చేకూర్చే విషయం. మరెవరి దగ్గరైనా రికార్డింగు ఉంటే, దాన్ని సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా మిత్రబృందానికి డెలావేర్‌లో ఒక కంపెనీ, విశాఖపట్నంలో దాని అనుబంధ ప్రైవేటు కంపెనీ ఉన్నాయి. రెండింటి బోర్డులోనూ మేమే ఉన్నాము. అక్కడి కంపెనీ నిర్ణయాలు ఏళ్లుగా టెలిఫోన్ కాన్ఫరెన్స్‌లోనే తీసుకుంటున్నాము, ఎవరూ తప్పనలేదు. విశాఖ కంపెనీకి కూడా అదే చేస్తున్నాము. కొన్నిసార్లు వాట్సాప్ గ్రూపులో ‘ఓకే’ అని పెట్టడంతో సరిపెడుతున్నాము.
ఎడిసన్

జవాబు: కంపెనీ ఏ చట్టం కింద పుట్టిందో ఆ చట్టమే దాని బోర్డును నడుపుతుంది, డైరెక్టర్లు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యం కాదు. డెలావేర్ కార్పొరేషన్ చట్టం సెక్షన్ 141 టెలిఫోన్ కాన్ఫరెన్స్‌ను స్పష్టంగా అనుమతిస్తుంది. అందరూ ఒకరి మాట ఒకరు వినగలిగితే చాలు, చూడగలగాలన్న షరతు లేదు. డైరెక్టర్లందరూ రాతపూర్వకంగా గాని ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని సమ్మతిస్తే అసలు సమావేశమే అక్కరలేదు. ఇతర దేశాల్లో కూడా ఈ స్వేచ్ఛ ఒక్కరోజులో రాలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1970లో ఒక కోర్టు టెలిఫోన్లో జరిపిన డైరెక్టర్ల సమావేశం చెల్లదన్నది. చట్టాలు మారాకే ఫోన్ బోర్డు గదిలోకి వచ్చింది.

విశాఖ కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. ఫోన్లో మాట్లాడుకోవడం తప్పు కాదు, అది సంప్రదింపు మాత్రమే అవుతుంది. దాన్ని నిర్ణయంగా మార్చడానికి మీకు రెండు దారులున్నాయి. ఒకటి, కెమెరాలు తెరిచి, రికార్డు చేస్తూ, పైన చెప్పిన క్రమంలో వీడియో సమావేశం జరపడం. న్యూజెర్సీలో రాత్రి తొమ్మిది దాటాక కూర్చుంటే విశాఖలో తెల్లవారి ఉంటుంది. సమావేశ స్థలంగా నోటీసులో చూపిన చోటే సమావేశం జరిగినట్టు చట్టం భావిస్తుంది.

రెండవది సెక్షన్ 175 కింద తీర్మానాన్ని సమావేశం లేకుండా డైరెక్టర్ల చుట్టూ తిప్పి ఆమోదం పొందడం. వాట్సాప్ ‘ఓకే’లు దీనికి దగ్గరగా ఉన్నాయి గాని ఇది కావు. తీర్మానం ముసాయిదాను, దానికి సంబంధించిన కాగితాలను డైరెక్టర్లందరికీ నమోదైన చిరునామాకు గాని ఈమెయిల్‌కు గాని పంపాలి. జవాబుకు ఏడు రోజులకు మించని గడువు పెట్టాలి. ఓటు హక్కున్నవారిలో మెజారిటీ ఒప్పుకోవాలి. మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు మంది సమావేశంలోనే తేలుద్దామంటే ఛైర్మన్ దాన్ని సమావేశానికి తేవాలి. ఆమోదం పొందిన తీర్మానాన్ని తర్వాతి సమావేశం మినిట్స్‌లో చేర్చాలి.

అప్పు తీసుకోవడం, పెట్టుబడి పెట్టడం, అప్పు లేదా హామీ ఇవ్వడం, షేర్లు జారీ చేయడం, వార్షిక లెక్కలు ఆమోదించడం వంటి పనులను ఇలా తిప్పి చేయడానికి వీల్లేదు. సెక్షన్ 179(3) వాటిని బోర్డు సమావేశంలోనే చేయమంటుంది. కాబట్టి ఇప్పటివరకు ఫోన్లోనూ, గ్రూపులోనూ తీసుకున్న నిర్ణయాల్లో ఈ కోవకు చెందినవి ఏమున్నాయో మీ కంపెనీ సెక్రటరీ చేత జాబితా రాయించండి. సక్రమంగా నోటీసు ఇచ్చి వీడియో సమావేశం పిలిచి, ఒక్కొక్కటిగా ధ్రువీకరించండి. ఆ మినిట్స్‌లో అసలు నిర్ణయం ఫోన్లో ఏ తేదీన జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి, పాత తేదీతో సమావేశం జరిగినట్టు మాత్రం రాయించకండి.